విస్తృత సంగ్రహ రచన: అపోహలు – వాస్తవములు

అపోలో–11 వ్యోమగాములు తెచ్చిన చంద్రశిలలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 1970 జనవరిలో హ్యూస్టన్ నగరమున సమావేశమై తమ ఫలితములను ప్రకటించిరి. ఆ సమావేశమే క్రమముగా చంద్ర, గ్రహవిజ్ఞాన సదస్సుగా పరిణమించి, దాదాపు ఏటేట టెక్సాస్ రాష్ట్రమున జరుగుచు వచ్చినది. అందు ప్రసంగింపగోరువారు పంపు ఎక్స్‌టెండెడ్ అబ్‌స్ట్రాక్టు, అనగా విస్తృత సంగ్రహము, రెండు పుటలు మించరాదు. పటములు, పట్టికలు, ఆధార గ్రంథముల పట్టిక సైతము ఆ రెంటిలోనే ఇమడవలెను. ఇట్టి రచనను గూర్చి మన యువపరిశోధకులలో పాతుకొనియున్న కొన్ని అపోహలను సవరించుట అవసరము.

అపోహ: పూర్తి వ్యాసమును కత్తిరించినచో సంగ్రహము సిద్ధమగును.

వాస్తవము: ఇరువది పుటల వ్యాసమునుండి వాక్యములను తొలగించుకొనుచు పోయినచో, హేతువు ఒకచోటను ఫలితము వేరొకచోటను తెగిపోయి, అన్వయము చెడును. సంగ్రహమునకు ఒక ప్రశ్న, దానికొక సమాధానము, ఆ సమాధానమును నిలబెట్టు సాక్ష్యము ప్రాణము. నాలుగు ఫలితములు చేతనున్నను, సభలో చర్చకు నిలువదగినదానిని ఎన్నుకొని తక్కినవానిని విడువగల నిగ్రహమే రచయితకు ప్రథమార్హత.

అపోహ: ‘ఫలితములు సదస్సునందు వివరింపబడును’ అని వ్రాసిన చాలును.

వాస్తవము: సమీక్షకునకు ఆధారము ఆ పుటలే. ఉదాహరణకు, ఉష్ణోగ్రత హెచ్చిన కొలది లోహము బలము తగ్గెననుట చాలదు. ఎన్ని నమూనాలను, ఏ ఉష్ణోగ్రతల నడుమ పరీక్షించిరో, ఎంత తగ్గెనో, కొలతలో దోషపరిమితి ఎంతయో చెప్పవలెను. ఫలితములు ప్రాథమికములైనచో ఆ మాటయే నిస్సంకోచముగా వ్రాయవలెను.

అపోహ: ఆకృతి నియమములు పైపై అలంకారములు.

వాస్తవము: 16 సెంటీమీటర్ల వెడల్పున 10 పాయింట్ల అక్షరములతో గీసిన పటమును 8 సెంటీమీటర్ల కాలమ్‌లోనికి కుదించినచో, ఆ అక్షరములు 5 పాయింట్లకు దిగి, అక్షములమీది అంకెలు చదువరాకపోవును. కావున పటమును మొదటినుండియు తుది వెడల్పుననే గీయవలెను. ఎరుపు, ఆకుపచ్చల భేదమెరుగలేని పాఠకులుందురు గనుక, రంగుతోబాటు నిండు గీత, చుక్కల గీత అను భేదమును పాటింపవలెను. పీడీఎఫ్‌లో ఫాంట్లను పొందుపరుపనిచో గ్రీకు అక్షరములు లోపింపవచ్చును. ‘మ్యూ’ చిహ్నమొక్కటి జారినచో మైక్రోగ్రాము గ్రామై, పరిమాణము పది లక్షల రెట్లు పెరిగినట్లగును.

అపోహ: సంగ్రహము ప్రచురణ కాదు గనుక ఏమి వెల్లడించినను హాని లేదు.

వాస్తవము: సదస్సు సంపుటమున వెలువడినది బహిరంగ ప్రకటనయే. విద్వత్సంఘమున ఆవిష్కర్త చదివిన పత్రము విషయమున, 1970 నాటి భారత పేటెంట్ల చట్టము 31వ సెక్షను 12 నెలల వెసులుబాటు నిచ్చుచున్నది. ఐరోపా పేటెంటు విధానమున అట్టి సాధారణ వెసులుబాటు లేదు. పేటెంటు కోరువారు ముందుగా దరఖాస్తు చేసి, పిదప సంగ్రహమును పంపుట క్షేమకరము. అదే విషయమును తరువాత పత్రికకు పంపునపుడు గణనీయముగా విస్తరించి, మునుపటి సంగ్రహమును పేర్కొనుట ధర్మము.

పుటల పరిమితి పాఠకుని కాలమునకును, పరిశోధకుని సాక్ష్యమునకును చూపు గౌరవము. గడువునకు ముందే వేరొక శాఖకు చెందిన మిత్రునిచేత చదివించి, ఇందు కనుగొన్నదేమని అడుగవలెను. ఆతడు ఒక్క వాక్యమున సరిగా చెప్పగలిగినచో, ఆ సంగ్రహము పంపుటకు యోగ్యము.