82 కిలోమీటర్లా, 130 కిలోమీటర్లా: సగటు వేగానికీ తక్షణ వేగానికీ తేడా

సికింద్రాబాద్–విశాఖపట్నం మధ్య వందే భారత్ రైలు 2023 జనవరి 15న ప్రారంభమైంది. అప్పట్లో ప్రకటించిన కాలపట్టిక ప్రకారం సుమారు 700 కిలోమీటర్ల దూరానికి ప్రయాణ సమయం ఎనిమిదిన్నర గంటలు. దూరాన్ని కాలంతో భాగిస్తే గంటకు దాదాపు 82 కిలోమీటర్లు వస్తుంది. అయితే ఆ మార్గంలో కొన్ని సెక్షన్లలో అనుమతించిన గరిష్ఠ వేగం 130 కిలోమీటర్లు. కోచ్‌లోని తెరపై ఆ అంకెకు చేరువైన వేగం కనిపించినప్పుడు, గమ్యానికి చేరాక లెక్క వేసుకున్న ప్రయాణికుడికి సందేహం కలగడం సహజం. ఈ రెండింటిలో ఏది నిజం?

రెండూ నిజమే, అవి వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించగా వచ్చేది సగటు వేగం. వరంగల్, ఖమ్మం, విజయవాడ, రాజమహేంద్రవరం స్టేషన్లలో ఆగిన నిమిషాలు, వంతెనల మీద నెమ్మదించిన నిమిషాలు అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. ఒకానొక క్షణంలో రైలు ఎంత వేగంతో కదులుతున్నదో చెప్పేది తక్షణ వేగం. దిశను కూడా లెక్కలోకి తీసుకునే పరిమాణాన్ని పాఠ్యపుస్తకాలు వేగమనీ, దిశతో నిమిత్తం లేనిదాన్ని వడి అనీ వేరు చేస్తాయి. ఈ వ్యాసంలో వేగం అన్న మాటను నిత్యవ్యవహారంలోని అర్థంలోనే వాడుతున్నాం.

సగటు విషయంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. 120 కిలోమీటర్ల దూరాన్ని వెళ్లేటప్పుడు గంటకు 40, తిరిగి వచ్చేటప్పుడు 60 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తే సగటు 50 అని చాలామంది చెబుతారు. వెళ్లడానికి మూడు గంటలు, రావడానికి రెండు గంటలు పట్టింది. అయిదు గంటల్లో 240 కిలోమీటర్లు, అంటే సగటు 48 మాత్రమే. నెమ్మదిగా సాగిన ప్రయాణానికి ఎక్కువ కాలం పట్టింది కనుక సగటు కూడా అటువైపే మొగ్గుతుంది.

తక్షణ వేగాన్ని ఊహించడం మరింత కష్టం. ఒక క్షణంలో ప్రయాణించిన దూరం దాదాపు శూన్యం, పట్టిన కాలమూ దాదాపు శూన్యం. శూన్యాన్ని శూన్యంతో భాగిస్తే అర్థం లేదు. అందుకే గణిత శాస్త్రం చుట్టుదారిలో వెళుతుంది. గంటకు బదులు నిమిషానికి, నిమిషానికి బదులు సెకనుకు, ఆపై సెకనులో వందో వంతుకు సగటు లెక్కిస్తూ పోతే ఆ విలువలు ఒక అంకెను సమీపిస్తాయి. ఆ అంకెకే తక్షణ వేగమని పేరు. నేటి వాహనాల్లోని స్పీడోమీటరు చేసే పనీ ఇంచుమించు ఇదే. చక్రం తిరుగుతున్న తీరును సెన్సర్ గుర్తిస్తుంది, స్వల్ప వ్యవధిలో అందిన సంకేతాలను బట్టి వేగం తెరపైకి వస్తుంది. నిక్కచ్చిగా చెప్పాలంటే స్పీడోమీటరు చూపేది కూడా అతి చిన్న సగటే.

ఈ ఆలోచన భారతీయులకు కొత్త కాదు. 1150లో రచించిన ‘సిద్ధాంత శిరోమణి’లో భాస్కరాచార్యుడు గ్రహాల స్థూల గతినీ తాత్కాలిక గతినీ వేరు చేసి చూపాడు. తాత్కాలికం అంటే నేడు కొద్దికాలం ఉండేదనే అర్థం స్థిరపడింది కానీ, ఆయన ఉద్దేశించింది ‘ఆ కాలానికే చెందినది’ అని. చంద్రుడు సగటున రోజుకు 13 డిగ్రీలకు కాస్త పైగా కదులుతాడు. వాస్తవంలో ఆ కదలిక సుమారు 12 నుంచి 15 డిగ్రీల మధ్య మారుతూ ఉంటుంది. సూర్యుని కంటే చంద్రుడు 12 డిగ్రీలు ముందుకు సాగితే ఒక తిథి పూర్తవుతుంది. సగటున తిథి ప్రమాణం 23 గంటల 37 నిమిషాలు. ఒక్కోసారి అది 20 గంటలకు చేరువగా తగ్గుతుంది, ఒక్కోసారి 26 గంటలు దాటుతుంది. కనుక తిథి ముగిసే ఘడియ దగ్గర పడినప్పుడు తాత్కాలిక గతితోనే లెక్కించాలని, దూరంగా ఉన్నప్పుడు స్థూల గతి సరిపోతుందని భాస్కరుడు సూచించాడు. పండుగ ఈ రోజా, మరునాడా అని ఏటా పంచాంగం తిరగేసే ఇళ్లలో ఎదురయ్యేది ఈ తేడాయే.

ఆకాశంలో ఈ తేడా ఘడియల్లో తేలుతుంది, రహదారి మీద ప్రాణాలతో తేలుతుంది. కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. ఈ మరణాల్లో 71 శాతానికి పైగా అతివేగానికి సంబంధించినవే. ప్రమాద సమయంలో ఢీకొట్టేది తక్షణ వేగం. అంతకు ముందు గంటసేపు వాహనం ఎంత సగటుతో వచ్చిందన్నది అక్కడ అక్కరకు రాదు.

రెండు కార్లు పక్కపక్కన వస్తున్నాయనుకుందాం. ఒకదాని వేగం 60, రెండోదాని వేగం 100. ఎదురుగా పశువు అడ్డం వచ్చింది. ఇద్దరు డ్రైవర్లకూ బ్రేకు మీద కాలు మోపడానికి ఒక సెకను పట్టింది. పొడి రోడ్డు, మంచి బ్రేకులు అనుకుంటే మొదటి కారు దాదాపు 37 మీటర్లలో ఆగిపోతుంది. రెండో కారు ఆ ఒక్క సెకనులోనే 28 మీటర్లు దాటుతుంది. మొదటి కారు నిలిచిపోయిన చోటికి వచ్చేసరికి రెండో కారు బ్రేకు వేసి తొమ్మిది మీటర్లు కూడా కాలేదు, దాని వేగం ఇంకా గంటకు 90 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ఢీకొనే శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుకనే అంకెల్లో స్వల్పంగా తోచే తేడా రోడ్డుపై ఇంత దారుణంగా పరిణమిస్తుంది.

కెమెరా వద్ద పట్టుబడిన వాహనదారుడు ‘మొత్తం ప్రయాణంలో నా సగటు 70 మాత్రమే’ అని వాదిస్తే ఆ వాదన నిలవకపోవడానికి కారణం ఇదే. రాడార్ గన్ కొలిచేది ఆ క్షణాన్ని. అయితే కెమెరా కనిపించగానే నెమ్మదించి, దాటగానే వేగం పెంచే వారి కోసం సగటునే ఆయుధంగా మార్చిన పద్ధతి కూడా ఉంది. ఇటలీలో ‘ట్యూటర్’ పేరుతో ఇది అమలులో ఉంది. ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్‌వేపై ఏర్పాటైన నిఘా వ్యవస్థలోనూ సగటు వేగాన్ని కొలిచే కెమెరాలు ఉన్నాయి. పది కిలోమీటర్ల దూరంలో రెండు కెమెరాలు, పరిమితి 100 అనుకుంటే, పరిమితిని ఎక్కడా దాటని వాహనం ఆరు నిమిషాలకు ముందు రెండో కెమెరాను చేరలేదు. అయిదు నిమిషాల్లో చేరితే సగటు 120. అంటే దారిలో ఏదో ఒక క్షణంలో తప్పనిసరిగా పరిమితి దాటింది. ఎక్కడ, ఎప్పుడు అన్నది తెలియనవసరం లేదు.

దీని తిరుగుమాట మాత్రం చెల్లదు. 150 వేగంతో నాలుగు నిమిషాలు దూసుకువెళ్లి, మధ్యలో మూడు నిమిషాలు రోడ్డు పక్కన ఆగిన కారు సగటు 86 లోపే. లెక్కలో అది మర్యాదస్తుల వాహనమే. సగటు తప్పును రుజువు చేయగలదు, నిర్దోషిత్వాన్ని రుజువు చేయలేదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 183వ సెక్షన్‌లో ఈ తర్కం ఉన్న విషయం అంతగా ప్రచారంలో లేదు. వేగ పరిమితిని మీరకుండా నిర్దేశిత సమయంలో ప్రయాణం పూర్తి చేయడం ఆచరణ సాధ్యం కాదని న్యాయస్థానం భావిస్తే, అలాంటి కాలపట్టికను ప్రకటించడం లేదా అలాంటి ఆదేశం ఇవ్వడమే ఆ వ్యక్తి నేరానికి ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది. దారి పొడవునా పరిమితి 60 ఉన్న చోట 150 కిలోమీటర్ల దూరాన్ని రెండు గంటల్లో చేరాలని డ్రైవరుకు యజమాని ఆదేశమిస్తే, కావలసిన సగటు 75. ఆ బండి ఇంకా గ్యారేజీ దాటకముందే లెక్క తేలిపోయింది.