లారీ కమాను బ్రాకెట్టు విరిగినచో

మా పాఠశాలలో తెలుగు చదువుకొను బాలబాలికల తండ్రులలో పలువురు లారీలను నమ్ముకొని జీవించువారు. సండూరు కొండలనుండి ఇనుప ఖనిజము దింపు టిప్పర్లను కొందరు నడుపుచున్నారు. కొందరు మరమ్మతు షెడ్లలో పనిచేయుచున్నారు. వారికి ఉపకరించు విషయ మొకటి ఈ సంచికలో వివరింపదలచితిమి.

సాధారణముగా లారీ కమాను కట్ట ముందుకొన, చాసీకి బిగించిన బ్రాకెట్టులో పిన్నుతో నిలిచియుండును. వెనుకకొన షాకిల్ అను ఊగెడు లంకెకు తగిలియుండును. బరువు పడగా వంపు తగ్గి కట్ట సాగును. ఆ సాగుదలకు చోటిచ్చుటకే షాకిల్ ఊగును. కట్ట బరువును మోయుటయే గాక ఇరుసును దాని స్థానమున నిలుపును. కావున బ్రాకెట్టు విరిగినచో బండి ఒరుగుటతో ఆపద తీరదు. ఇరుసు ప్రక్కకు జరిగి, బండి అదుపు తప్పవచ్చును.

గని బాటలలో ఈ భాగము విరుగుటకు కారణము లేకపోలేదు. ఒక చక్రము గుంటలో దిగి, దానికి ఎదురుమూల చక్రము గట్టెక్కినపుడు చాసీ మెలిపడును. ఆ మెలి బ్రాకెట్టు బిగించిన చోట మిక్కిలి పట్టును. దీనికి తోడు యు-బోల్టులు వదులగుట, రివెట్లు సడలుట, బుష్ అరుగుట, గ్రీజు ఎండి షాకిల్ బిగిసిపోవుట జరుగుచుండును. షాకిల్ ఊగకున్నచో, కట్ట సాగినప్పుడెల్ల ఆ త్రోపు బ్రాకెట్టుపైననే పడును. అన్నిటికన్న పెద్ద కారణము అధికభారము. లోహమునకును అలసట కలదు. మొదట వెండ్రుకవాటు చీలిక పుట్టి, దినదినము పెరిగి, తుద కొకనాడు ఇరుసు బిగువున విరుగును.

చీలికను ముందుగా గుర్తించుట కష్టము కాదు. బండి ఒకవైపు లాగుట, ఒరుగుట, గుంటలో టక్కుమను చప్పుడు, టైర్లు అసమముగా అరుగుట, బ్రాకెట్టు మొదట తుప్పు చార కనబడుట దీని గుర్తులు. అనుమానము కలిగినచో ఎఱ్ఱధూళిని తీగ బ్రష్షుతో తొలగించి, కిరసనాయిలు పూసి, పొడిగుడ్డతో తుడిచి, సుద్ద రుద్దవలెను. చీలిక యున్నచో దానిలో నిలిచిన నూనె పైకి వచ్చి సుద్దపై గీతవలె కనబడును.

మరమ్మతునకు ముందు సరకు దింపి, గట్టినేలపై బండి నిలిపి, చక్రములకు అడ్డుదిమ్మెలు వేయవలెను. జాకీతో ఎత్తిన పిమ్మట చాసీ క్రింద గట్టి స్టాండులు పెట్టక ఎవ్వరును క్రిందికి దూరరాదు. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు గాదు. షెడ్లలో సహాయముగా నుండు చిన్నవాండ్రను బండి క్రిందికి పంపనే కూడదు.

విరిగిన పోతబ్రాకెట్టును అతికించి వాడుటకన్న క్రొత్తది వేయుట మేలు. పాత రివెట్లు తీసి, రంధ్రములను సరిచేసి, వానిలో సందులేకుండ పట్టు గట్టి బోల్టులు బిగింపవలెను. రంధ్రము కోలగా అరిగియుండగా లావుపాటి వాషరుతో కప్పివేయుట మరమ్మతు కాదు. పిన్నును, బుష్‌ను అప్పుడే పరీక్షించి మార్చవలెను.

చాసీయే చీలినచో పని మరింత సున్నితము. కొన్ని చాసీల ఉక్కు వేడికి బలము కోల్పోవును. తయారీదారు అనుమతించిన చోటనే వెల్డింగు చేయింపవలెను. అప్పుడు చీలిక తుదను చిన్న రంధ్రము తొలిచి దాని పెరుగుదలను ఆపి, అంచులను వాలుగా చెక్కి, పొడిగానున్న రాడ్డుతో లోతుగా అతుకు వేయింపవలెను. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు విప్పవలెను. లేనిచో నేటి లారీలలోని ఎలక్ట్రానిక్ భాగములు చెడవచ్చును. డీజిలు ట్యాంకు సమీపమున నిప్పురవ్వ పడరాదు. కమాను పట్టీలను మాత్రము ఎన్నడును వెల్డింగు చేయరాదు. వేడి తగిలిన చోట పదును పోయి పట్టీ మరల విరుగును.

పని ముగిసిన పిమ్మట ముందు ఇరుసు నడిమినుండి వెనుక ఇరుసు నడిమివరకు ఇరువైపుల కొలువవలెను. చక్రములు తిన్నగా నుండగా రెండు కొలతలు సమముగా లేకున్నచో కట్ట సరిగా కూర్చుండలేదని యర్థము. యు-బోల్టులను కొంతదూరము నడిపిన తరువాత మరల బిగింపవలెను.

ఇంత చేసినను కారణము తొలగనిచో క్రొత్త బ్రాకెట్టును విరుగును. ఒక ట్రిప్పున ఒకటి రెండు టన్నులు అదనముగా వేసికొన్న లాభము ఒక్క మరమ్మతుతో పోవును. 2019 నాటి మోటారు వాహనముల చట్టసవరణ ప్రకారము అధికభారమునకు 20,000 రూపాయలును, అదనపు టన్నొకటికి 2,000 రూపాయలును జరిమానా కలదు. ఇది ధననష్టము మాత్రమే. కొండమలుపున ఇరుసు జరిగినచో కలుగు నష్టమును ఏ జరిమానాతోను పోల్చజాలము.

కావున తల్లిదండ్రులారా, వారమున కొకసారి గ్రీజు పెట్టునపుడు దీపము పట్టి బ్రాకెట్టులను చూచుట అలవాటు చేసికొనుడు. తెలుగు చదువరాని తోడి డ్రైవర్లకు, క్లీనర్లకు ఈ వ్యాసమును మీ పిల్లలచేత చదివించి వినిపింపుడు. వారి చదువు మీ ప్రాణరక్షణకు ఉపకరించినచో మాకు అంతకన్న కావలసినది లేదు.