చప్పుడు లేని దోనె

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పరచుకొనిన కొల్లేరు లోతైన సరస్సు కాదు. బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏరులు తెచ్చిన నీటిని కొంతకాలము తనలో నిలుపుకొని, ఉప్పుటేరు మార్గమున సముద్రమునకు పంపును. ఇంత పలుచని నీటిలో, తుంగ నడుమ, పెద్ద పడవ సాగదు. అందుచేత లంకగ్రామములవారు తాటిమాను తొలిచి దోనె చేసికొనిరి. గెడను బురదలో మెల్లగా ఆనించి నెట్టినచో అది అలికిడి లేక ముందుకు జారును.

ఉత్తరధ్రువ ప్రాంతమున ఇన్యూయిట్ జనులు సీలు చర్మముతో కట్టుకొనిన కయాక్‌కును, ఈ తాటిదోనెకును రూపమున పోలిక తక్కువ, గుణమున ఎక్కువ. రెండును ఇరుకైనవి; మనుష్యుని నీటికి దగ్గరగా ఉంచునవి; చప్పుడు చేయనివి. కయాక్ పుట్టినది వేటకొరకు. జంతువునకు తెలియకుండ దానిని సమీపించు ఆ నేర్పే నేడు పక్షులను చూడగోరువారికి ఉపకరించుచున్నది.

అయితే వేటగానికి అక్కరలేని నియమ మొకటి చూడవచ్చినవానికి కలదు. అతడు ఎచట ఆగవలెనో ఎరిగి యుండవలెను. నిలుచున్న మనుష్యుని చూచి బెదరినంతగా కూర్చున్నవానిని చూచి పక్షి బెదరదు. సూటిగా తనవైపు వచ్చు దోనెను చూచి లేచిపోవునదే, ప్రక్కగా సాగిపోవు దోనెను చాలవరకు సహించును. మేత మాని మెడ నిక్కించినదా, అది హెచ్చరిక. గెడ అచటనే ఆపవలెను.

అట్లు ఆగినవానికి సరస్సు తన సంసారమును చూపును. గూడబాతు ముక్కుక్రింది సంచిలో చేపతోపాటు నీటినిగూడ తోడుకొని, ముక్కు వంచి నీరు వార్చి, పిమ్మట చేపను మ్రింగును. నీరుకాకి ఈకలు తడియును గనుక, మునిగి లేచిన పిదప కొయ్యపై రెక్కలు చాచి ఆరబెట్టుకొనును. బుడబుంగ రవ్వంత సందడికే మునిగి, ఎదురుచూడని చోట తేలును.

ఈ ఎడము మర్యాదకొరకు మాత్రమే కాదు. తల్లి బెదరి గూడు విడిచినచో గ్రుడ్లు ఎండపాలగును. కాకులు కాచుకొనియే యుండును. శీతకాలమున ఉత్తరదేశములనుండి వచ్చు బాతులు తిరుగుప్రయాణమునకు బలము కూడబెట్టుకొనవలెను. ఊరక లేవగొట్టిన ప్రతిసారియు అందు కొంత వ్యర్థమగును.

వచ్చిన పక్షి శాశ్వతముగా ఉండునన్న నమ్మకము లేదని కొల్లేరు ఎరుగును. 1946లో పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ ఈ ప్రాంతమున గూడబాతుల స్థావర మొకటి కలదని లోకమునకు తెలిపెను. నాడు అచట సుమారు 3,000 గూడబాతులు గూళ్లు కట్టుచుండెను. 1974 ప్రాంతమున ఆ స్థావరము అంతరించెను. తరువాత చేపలచెరువుల గట్లు సరస్సును ముక్కలు చేసెను. 1999లో ప్రభుత్వము 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో కొల్లేరు రాంసర్ జాబితాలో చేరెను. 2006లో అనేక చెరువుల గట్లను తెగగొట్టించిరి. కైకలూరు చేరువనున్న ఆటపాకలో అటవీశాఖవారు ఇనుప మంచెలు నిలుపగా, గూడబాతులు వానిపైనను గూళ్లు కట్టుకొనెను.

పక్షి మరల వచ్చుటకు చట్టమును మంచెయు తోడ్పడును. వచ్చినది నిలుచుటకు మాత్రము చూడవచ్చినవాని సంయమము కావలెను. దోనె దాటిపోయిన పిమ్మటగూడ నీరుకాకి చాచిన రెక్కలు ముడువక అట్లే కూర్చుండినచో, ఆ ప్రయాణము సఫలమైనట్లే.