వేట ఆగింది... ఇంజిను విప్పే వేళయింది!

ఏటా ఏప్రిల్ 15 వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం తీరాల్లో మరపడవలు ఇసుక మీదికి చేరతాయి. జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. చిరిగిన వలలు కుట్టుకోవడం, ఫైబరు తెప్పకు పగుళ్లుంటే అతుకు వేయడం, రంగులు పూయడం... వేట లేని రోజుల్లోనూ చేతినిండా పనే. వీటి మధ్య అరగంటలో అయిపోయేది, ఏమరిస్తే మాత్రం నడిసంద్రంలో ప్రాణం మీదికి తెచ్చేది ఒకటుంది. అదే ఇంజినాయిలు మార్చడం!

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. విజయనగరానిది 28 కిలోమీటర్లే. కళింగపట్నం, భావనపాడు, బారువ మొదలు చింతపల్లి, ముక్కాం దాకా ఎక్కువ ఊళ్లలో పడవ కట్టుకునే రేవు లేదు. అలలు దాటుకుని ఒడ్డుకు రావాలి, తెప్పను ఇసుక మీదికి లాగాలి. అందుకే పడవ వెనక చెక్కకు బిగించి, అవసరమైతే పైకి వంచగలిగే ఔట్‌బోర్డు ఇంజిన్లే ఇక్కడ అనువు. ఎనిమిది, పది హార్స్‌పవర్ల ఇంజిను బరువు సుమారు నలభై కిలోలు. రెండు మరలు వదులు చేస్తే ఊడి వస్తుంది. భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకుంటే పెరడే షెడ్డు!

పెద్ద మరబోట్లలో ఇంజిను చూసుకోవడానికి వేరే మనిషి ఉంటాడు. చిన్న తెప్పలో ఎవరి ఇంజినుకు వాళ్లే మెకానిక్కు. అది అలలు విరిగే చోట ఆగిందంటే తెప్ప అడ్డం తిరుగుతుంది. వెనక వచ్చే అల దాన్ని బోర్లా వేస్తుంది. మళ్లీ తాడు లాగి స్టార్టు చేసేంత వ్యవధి ఎక్కడిది?

పుస్తకం లెక్క... వేట లెక్క

కొత్త ఫోర్‌స్ట్రోక్ ఇంజినుకు తొలిసారి 20 గంటలకు, ఆ తర్వాత వంద గంటలకోసారి ఆయిలు మార్చమని కంపెనీలు చెబుతాయి. అన్ని గంటలు నడవకపోయినా ఆరు నెలలకో, ఏడాదికో మార్చాలి. ఏది ముందైతే అది. సరదాగా ఆదివారాలు పడవ నడుపుకునే వాళ్లకు వంద గంటలు నిండటానికి ఏళ్లు పడుతుంది. వాళ్లు క్యాలెండరు చూసుకుంటే చాలు. వేటగాడి లెక్క వేరు. రోజుకు ఐదు గంటలు ఇంజిను తిరిగితే ఇరవై రోజులకే వంద నిండుతాయి. ‘ఏడాదికోసారి కదా’ అని అతనూ క్యాలెండరే నమ్ముకుంటే ఆయిలు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. చిన్న ఇంజిన్లకు గంటల మీటరు ఉండదు. గోడ మీద సుద్దగీతలే మీటరు.

నిషేధం మొదటి వారంలోనే ఆయిలు మార్చడం మేలు. వాడిన ఆయిల్లో ఆమ్లం, తేమ ఉంటాయి. దాన్ని అలాగే వదిలేస్తే రెండు నెలలూ లోపలి ఇనుమును తింటూ కూర్చుంటాయి. జూన్‌లో మార్చుకుందామని వాయిదా వేస్తే ఆ నష్టం అప్పటికే జరిగిపోతుంది.

పాత నూనె చెప్పే కబుర్లు

ముందుగా ఇంజినును మంచినీళ్ల డ్రమ్ముకు బిగించి, కింది భాగం మునిగేలా ఉంచి ఐదు, పది నిమిషాలు నడపాలి. లోపలి ఉప్పు కడిగినట్టవుతుంది, ఆయిలు వేడెక్కి పలచబడుతుంది. నీళ్లు లేకుండా మాత్రం క్షణమైనా నడపకూడదు. నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్ ఇట్టే మాడిపోతుంది.

ఆపాక నిటారుగా నిలబెట్టి, డ్రెయిన్ బోల్టు కింద కోసిన డబ్బా పెట్టి పావుగంట కారనివ్వాలి. ఆ కారేదాన్ని కళ్లతో చదవొచ్చు. నల్లగా ఉంటే భయం లేదు. పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీరు చేరినట్టు. వెలుతురులో తళుకులు కనిపిస్తే ఇనుము అరుగుతోంది. పెట్రోలు వాసన కొడుతూ, పోసిన దానికన్నా ఎక్కువ వచ్చిందా... ఇంధనం ఆయిల్లో కలుస్తోంది. వల వేసి గంటలకొద్దీ ఇంజినును నెమ్మదిగా తిప్పే చోట ఈ తంటా ఎక్కువ.

బోల్టుకు కొత్త వాషరు వేసి బిగించాక లీటరుకు అటూఇటూ కొత్త ఆయిలు పడుతుంది. డిప్‌స్టిక్ మీద రెండు గీతల మధ్య ఉండాలి. ‘ఇంకాస్త పోస్తే ఇంకా మంచిది’ అనుకుంటే పొరపాటే. ఎక్కువైతే నురగ కడుతుంది, ఆ నురగ ఇంజినును కాపాడలేదు. బైకు ఆయిలు చవగ్గా దొరుకుతుంది నిజమే కానీ, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా పరీక్షించిన ఆయిలు డబ్బా మీద ‘ఎఫ్‌సీ-డబ్ల్యూ’ అని ఉంటుంది. ఇక టూస్ట్రోక్ ఇంజినైతే ఈ తతంగమే లేదు. ఆయిలు ఇంధనంలోనే కలిపి పోస్తారు. దానికి రాసేది ‘టీసీ-డబ్ల్యూ3’.

ఏ ఇంజినైనా, పంకా దగ్గరి గేరు ఆయిలు మాత్రం అందరూ మరచిపోయేదే. పైనా కిందా రెండు మరలు విప్పి పాతది వదలాలి. కొత్తది కింది రంధ్రం నుంచి, పైదాంట్లోంచి పొర్లేదాకా ఎక్కించాలి. పైనుంచి పోస్తే లోపల గాలి మిగిలిపోతుంది. పాతది తెల్లగా వచ్చిందంటే సీలు పోయింది. పంకా ఇరుసుకు చుట్టుకున్న నైలాన్ వలదారం తరచూ చేసే పని ఇది!

డబ్బాలో మిగిలినది

కోసిన డబ్బాలోని నల్లటి ఆయిలును ఇసుకలో గుంట తీసి పోయడం తేలిక. అదే ఇసుకలో ఆలివ్‌రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. గంట్యాడ మండలంలోని తాటిపూడి లాంటి జలాశయాల్లో షికారు పడవలు నడిపేవాళ్లకైతే ఇంకా జాగ్రత్త అవసరం. ఆ నీటిని విశాఖ నగరం తాగుతుంది. వాడిన ఆయిలును 2016 నాటి కేంద్ర నిబంధనలు ప్రమాదకర వ్యర్థంగా లెక్కిస్తున్నాయి. దాన్ని శుద్ధి చేయించే బాధ్యతలో ఆయిలు కంపెనీలకూ 2024 ఏప్రిల్ నుంచి వాటా పడింది. పడవ మనిషి చేయాల్సిందల్లా మూత గట్టిగా ఉన్న క్యానులో నీళ్లు కలవకుండా పోగుచేయడం, పాత ఆయిలు సేకరించే వాళ్లకు అప్పగించడం. నీళ్లు కలవని పాత ఆయిలుకు కాస్తో కూస్తో ధర కూడా పలుకుతుంది.