తప్పు చేయనివ్వకుండా నేర్పండి

గురజాల దగ్గర్నుంచి ఒక పాఠకుడు రాశారు: "మా పెదనాన్నకు అరవై రెండేళ్లు. స్కిజోఫ్రీనియా. ఏళ్ల తరబడి ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చాడు. మందులు వేసుకుంటున్నాడు, గొంతులు వినబడటం తగ్గింది. కానీ గ్యాసు తిప్పేసి, ఆ తర్వాత లైటర్ కోసం వెతుక్కుంటాడు. తప్పని చెప్పి సరిదిద్దుతున్నాం. మర్నాడు మళ్లీ అదే. ఈ వయసులో ఇంకేం నేర్చుకుంటాడండీ?"

నేర్చుకుంటాడు. తప్పు జరిగాక సరిదిద్దడం మానేసి, తప్పు జరగకుండా నేర్పితే నేర్చుకుంటాడు.

ముందు ఆ నిరాశ సంగతి చూద్దాం. ఈ జబ్బు వచ్చిన మనిషి దిగజారడమే గానీ కోలుకోవడం అరుదని 1890ల్లో జర్మన్ వైద్యుడు క్రేపలిన్ తేల్చేశాడు. ఆ మాట మన దాకా పాకింది. అది పొరపాటు. అమెరికాలోని వెర్మాంట్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో, ఇక బాగుపడరనుకున్న 269 మందిని 1950ల్లో పునరావాస కార్యక్రమం కిందికి తెచ్చి బయటికి పంపారు. సగటున 32 ఏళ్ల తర్వాత పరిశోధకురాలు కోర్ట్నీ హార్డింగ్ బృందం వాళ్లను వెతికి పట్టుకుంది. సగం నుంచి మూడింట రెండొంతుల మంది బాగా మెరుగుపడ్డారనో, కోలుకున్నారనో 1987లో ప్రకటించింది. పైగా వయసు మీదపడేకొద్దీ చాలామందిలో భ్రమలు మెత్తబడతాయి. ఎక్కువగా మిగిలిపోయేది జ్ఞాపకశక్తి లోటు, పని మొదలుపెట్టే చొరవ లేకపోవడం. ఏ పనీ చెప్పని వార్డులో ఏళ్లు గడిపితే ఆ చొరవ ఇంకా చస్తుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. నిన్న ఏం జరిగిందో గుర్తుంచుకునే జ్ఞాపకం వేరు, చేతికి అలవాటైపోయే జ్ఞాపకం వేరు. స్కిజోఫ్రీనియా మొదటిదాన్ని గట్టిగా దెబ్బతీస్తుంది. రెండోదాన్ని అంతగా ముట్టుకోదు. మీరో నేనో తప్పు చేస్తే, 'నిన్న ఇలా చేస్తే కుదరలేదు' అని మొదటి జ్ఞాపకం హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక అందని మనిషికి చేతి జ్ఞాపకమే దిక్కు. దానికి ఒప్పూ తప్పూ తెలియవు, చేసింది చేసినట్టు దాచుకుంటుంది. నల్లరేగడిలో ఒకసారి బండి జాడ పడ్డాక తర్వాతి బండి చక్రమూ అందులోకే జారినట్టు, పెదనాన్నగారి చేయి ముందు నాబ్ మీదికే పోతుంది. మీరు కేకేసే సరికి ఆ జాడ ఇంకొంచెం లోతవుతుంది.

తప్పులు చేస్తేనే విద్య వస్తుందని మనస్తత్వవేత్తలు చాలాకాలం నమ్మారు. థార్న్‌డైక్ 1898లో పిల్లుల్ని పెట్టెల్లో బంధించి చేసిన ప్రయోగాల నుంచీ అదే ధోరణి. 1963లో హెర్బర్ట్ టెరేస్ పావురాలతో దాన్ని కదిలించాడు. ఎర్ర దీపం వెలిగితే పొడవాలి, ఆకుపచ్చ దీపాన్ని ముట్టుకోకూడదు. మామూలుగా నేర్పితే పావురాలు ఆకుపచ్చదాన్ని లెక్కలేనన్నిసార్లు పొడిచి, విసిగిపోయి రెక్కలు కొట్టుకుంటాయి. టెరేస్ మొదట్లోనే, ఎర్ర దీపం వెలిగే విడతల మధ్య, దీపాన్ని కొద్ది క్షణాలు ఆర్పి ఉంచాడు. తర్వాత కొద్దికొద్దిగా ఆకుపచ్చ కాంతినీ, ఉంచే సమయాన్నీ పెంచుకుంటూ పోయాడు. పావురాలు దాదాపు తప్పే చేయకుండా నేర్చుకున్నాయి. రెక్కలు కొట్టుకోవడమూ లేదు!

1994లో ఇంగ్లండ్‌లో మనస్తత్వవేత్తలు బాడ్లీ, విల్సన్ ఈ పద్ధతిని మతిమరుపు రోగుల దగ్గరికి తెచ్చారు. 'ఏ పదమో ఊహించండి' అని అడిగితే, వాళ్లు మొదట ఊహించిన తప్పు పదమే మళ్లీ మళ్లీ నోటికొచ్చింది. సరైన పదం ముందే చెప్పి రాయిస్తే నిలిచింది. 2002లో లాస్ ఏంజిలిస్‌లో రాబర్ట్ కెర్న్ బృందం తీవ్ర మానసిక రుగ్మత ఉన్నవాళ్లకు కార్డులు వరుసలో పెట్టడం, మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకు బిగించడం ఈ పద్ధతిలోనే నేర్పింది. మామూలుగా నేర్చుకున్నవాళ్ల కంటే వీళ్లు ఎక్కువ కచ్చితంగా చేశారు.

కాబట్టి 'తర్వాత ఏం చేయాలో చెప్పు' అని ఆయనకు పరీక్ష పెట్టకండి. లైటర్ ఎప్పుడూ ఒకే మేకుకు ఉండాలి, ఒకే పొయ్యి వాడాలి. లైటర్ కుడిచేతిలోకి వచ్చేదాకా ఎడమచేయి నాబ్ మీదికి పోకుండా మీ చేత్తో ఆపి, కలిసి వెలిగించండి. కొన్నాళ్లకు మోచేతి దగ్గర తాకితే చాలు. ఆ తర్వాత పక్కన నిలబడితే చాలు. ఆయన తటపటాయిస్తే ఆలోచించుకోనివ్వకుండా వెంటనే చూపించండి. తప్పు దొర్లితే ఒక మెట్టు వెనక్కి రండి. మాచర్ల బస్సెక్కి టికెట్ తీసుకోవడమైనా ఇంతే, మొదట ఆయన పక్క సీట్లో మీరుండాలి.

తీవ్ర మానసిక రుగ్మత ఉండి యాభై దాటినవాళ్లు ఇలాంటి జీవన నైపుణ్యాలు నేర్చుకోగలరని అమెరికాలో 183 మందితో జరిగిన 'హోప్స్' పరిశోధన చూపింది. వారానికో క్లాసు, నెలకు రెండుసార్లు బజారుకో పార్కుకో తీసుకెళ్లి సాధన, ఆరోగ్యం చూడ్డానికి ఒక నర్సు. ఆ మెరుగుదల మూడేళ్ల తర్వాతా కనబడింది.

మన దగ్గర చట్టానికి లోటు లేదు. ఇల్లు లేదనో, అయినవాళ్లు ఒప్పుకోలేదనో ఎవర్నీ ఆసుపత్రిలో ఉంచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. చెన్నైలో 'ది బాన్యన్' సంస్థ 2015 నుంచి అలాంటివాళ్లను నలుగురైదుగుర్ని కలిపి ఊళ్లలోని అద్దె ఇళ్లలో ఉంచుతోంది. కోలుకున్న మనిషి పల్నాట్లో ఊరికి చేరుతుంటే అలాంటి ఇల్లొకటి నరసరావుపేటలోనో మాచర్లలోనో ఎందుకు ఉండకూడదు? భారమంతా పెద్దమ్మ మీదా తమ్ముడి కొడుకు మీదా పడేసి, ఇంటికి పంపేశాం కదా అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పెదనాన్నగారి మందులు మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపకండి. ఎక్కడైనా చిక్కుపడితే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు ఖర్చుండదు.