నౌకా స్థావరం పెరిగితే ఊరు ఎటు జరగాలి? కార్వార్ చెబుతున్న లెక్క

కర్ణాటక కోస్తాలోని కార్వార్ నౌకా స్థావరంలో 2025 ఏప్రిల్ 5న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ 2 వేల కోట్ల రూపాయలకు పైగా విలువైన పనులను ప్రారంభించారు. యుద్ధనౌకలు ఆగే కొత్త జెట్టీల గురించి అందరూ రాశారు. అదే జాబితాలో జూనియర్ నావికులకు, రక్షణ శాఖ పౌర ఉద్యోగులకు కట్టిన 480 ఇళ్లు, 25 కిలోమీటర్ల రోడ్లు కూడా ఉన్నాయి. వాటి మీద పెద్దగా చర్చ జరగలేదు. కానీ స్థావరం పక్కన బతికే ఊళ్లకు జెట్టీల కన్నా ఇళ్లు, రోడ్ల లెక్కే ముఖ్యం. ఎవరికి గోడ లోపల ఇల్లు దొరుకుతుంది, ఎవరు రోజూ రోడ్డెక్కాలి అన్నది అక్కడే తేలుతుంది.

ఈ లెక్క మనకూ అవసరమే. విశాఖకు దక్షిణాన, అనకాపల్లి జిల్లా రాంబిల్లి తీరంలో నౌకాదళం మరో స్థావరాన్ని కడుతోంది.

స్థావరం ఎంత పెద్దది?

1971 యుద్ధం తర్వాత పశ్చిమ తీరంలో ముంబై మీద భారం తగ్గించే మరో పెద్ద స్థావరం కావాలని నౌకాదళం అనుకుంది. పడమటి కనుమలు సముద్రానికి దాదాపు ఆనుకుని ఉండే కార్వార్ తీరాన్ని ఎంచుకుంది. 1986 అక్టోబరులో రాజీవ్ గాంధీ శంకుస్థాపన చేశారు. నిధుల కొరతతో పనులు ఏళ్ల తరబడి నత్తనడక నడిచాయి. చివరికి 2005 మే 31న ఐఎన్ఎస్ కదంబ పేరుతో స్థావరం మొదలైంది. విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రమాదిత్యకు ఇదే సొంత రేవు.

ప్రాజెక్టు సీబర్డ్ కింద సేకరించిన భూమి సుమారు 11 వేల ఎకరాలు. ఇప్పుడు జరుగుతున్న రెండో దశ మొదటి భాగం పూర్తయితే 32 యుద్ధనౌకలు, జలాంతర్గాములు, వాటికి తోడు 23 చిన్న సహాయక నౌకలు ఇక్కడ ఉండగలవు. యూనిఫాం సిబ్బంది, పౌర ఉద్యోగులు కలిపి సుమారు 10 వేల మంది కుటుంబాలతో నివసిస్తారని ప్రభుత్వం చెబుతోంది. 2011 జనాభా లెక్కల్లో కార్వార్ పట్టణ జనాభా 77 వేలు. ఒక్కో కుటుంబాన్ని నలుగురిగా లెక్కేసినా పట్టణంలో సగానికి పైగా జనాభా ఉన్న మరో ఊరు దాని పక్కనే వెలుస్తున్నట్టు.

నౌకాదళం ఇళ్లు ఎందుకు కడుతుంది?

నౌక రేవులో ఉన్నా సిబ్బందిలో కొందరు రాత్రింబవళ్లు డ్యూటీలో ఉండాలి. పిలుపు వస్తే మిగతావాళ్లు తక్కువ వ్యవధిలో చేరుకోవాలి. నెలల తరబడి సముద్రం మీద ఉండే మనిషికి తన కుటుంబం భద్రంగా ఉందన్న ధీమా కావాలి. అందుకే క్వార్టర్స్, బడి, ఆస్పత్రి కూడా స్థావరంలో భాగమే.

క్వార్టర్ దొరకని ఉద్యోగికి ఇంటి అద్దె భత్యం వస్తుంది. ఏడో వేతన సంఘం పద్ధతిలో ఆ శాతాన్ని నిర్ణయించేది ఊరి జనాభా. 50 శాతం కరువు భత్యం దాటాక విశాఖ వంటి నగరాల్లో మూల వేతనంపై 20 శాతం, కార్వార్ వంటి చిన్న పట్టణాల్లో 10 శాతం. మూల వేతనం 30 వేలు ఉన్న ఉద్యోగికి విశాఖలో 6 వేలు, కార్వార్‌లో 3 వేలు. కానీ అద్దెలను జనాభా ఒక్కటే నిర్ణయించదు. చేతిలో ఎంత భూమి ఉందన్నదీ నిర్ణయిస్తుంది.

కార్వార్‌లో అదే చిక్కు. ఒక పక్క సముద్రం, మరో పక్క కనుమలు. ఉత్తర కన్నడ జిల్లాలో అత్యధిక భాగం అడవి. తీరంలో కట్టడాలకు కోస్తా నియంత్రణ నిబంధనలు అడ్డు. మిగిలిన సన్నటి చదును నేలలో పెద్ద ముక్క స్థావరానికి పోయింది. అంటే స్థావరం రెండు వైపుల నుంచి ఒత్తిడి పెడుతుంది. ఇళ్లకు పనికొచ్చే భూమిని తగ్గిస్తుంది, ఇళ్లు కావలసినవాళ్లను పెంచుతుంది. నౌకాదళం తన సిబ్బందికి ఎన్ని ఇళ్లు కడితే బయట అద్దెల మీద అంత భారం తగ్గుతుంది. కాబట్టి ఆ 480 ఇళ్లు ఊరికీ మేలే. కానీ కాంట్రాక్టు కూలీలకు, చిరుద్యోగులకు, స్థావరం మీద ఆధారపడి దుకాణం పెట్టుకున్నవాళ్లకు ఆ ఇళ్లు రావు. వాళ్లు బయటే వెతుక్కోవాలి.

గోడ బయట సొంత భూమి ఉన్నా స్వేచ్ఛగా కట్టుకోలేని పరిస్థితి దేశంలో చాలా చోట్ల ఉంది. రక్షణ కట్టడాల చుట్టూ నిర్మాణాలను నియంత్రించే చట్టం 1903 నాటిది. 2011లో రక్షణ శాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం స్థావరానికి 100 మీటర్ల లోపు కట్టాలంటే నిరభ్యంతర పత్రం కావాలి. నాలుగు అంతస్తులు మించితే 500 మీటర్ల వరకూ ఇదే నిబంధన. 2016లో చాలా చోట్ల దీన్ని 10 మీటర్లకు సడలించారు. విశాఖ వాసులకు ఇది కొత్త కాదు. ఐఎన్ఎస్ డేగా విమాన క్షేత్రం చుట్టూ భవనాల ఎత్తుకు నౌకాదళం అనుమతి తప్పనిసరి.

ముందు ఉన్నవాళ్లు ఎక్కడికి వెళ్లారు?

సీబర్డ్ కోసం 13 గ్రామాల నుంచి నాలుగు వేలకు పైగా కుటుంబాలు కదలాల్సి వచ్చింది. భూసేకరణ 1894 చట్టం కింద జరిగింది. పరిహారం చాలలేదని కోర్టులకెక్కినవారిలో కొందరికి పెరిగిన మొత్తం అందడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. ఈ మధ్యకాలంలో వాళ్లు నష్టపోయింది డబ్బు ఒక్కటే కాదు. సేకరణ నోటీసు పడిన భూమిని కొనేవాడు ఉండడు. దాని మీద బ్యాంకు అప్పు ఇవ్వదు. కూలిపోయే ఇంటికి మరమ్మతు చేయించాలా వద్దా అన్నది కూడా తేలదు.

మత్స్యకారుల నష్టం ఇంకో రకం. వాళ్లకు ఇల్లు, పని చేసే చోటు దాదాపు ఒకటే. పడవ కళ్లముందు ఉండాలి, వల ఆరేసుకునే ఇసుక ఉండాలి, వేళకాని వేళ సముద్రంలోకి వెళ్లగలగాలి. తీరానికి దూరంగా కాలనీలో పక్కా ఇల్లు ఇస్తే, ఎన్నడూ లేని రోజువారీ ప్రయాణం మొదలవుతుంది. 2020 జనవరిలో కార్వార్ వాణిజ్య రేవు విస్తరణను మత్స్యకారులు గట్టిగా అడ్డుకున్నది ఇందుకే. అర్గా, బిణగా వైపు తీరం స్థావరానికి పోయిందని, మిగిలిన ఠాగూర్ బీచ్ కూడా పోతే బతుకు లేదని వాళ్ల వాదన.

ఒక్క రోడ్డు తెగితే?

ఈ తీరంలో ఉత్తర దక్షిణాలకు ప్రధాన దారి 66వ నంబరు జాతీయ రహదారి. స్థావరం ఉద్యోగులు, బిణగా రసాయన కర్మాగారం కార్మికులు, గోవాలో పనికి వెళ్లేవాళ్లు, సరుకు లారీలు అన్నీ దాని మీదే. కొంకణ్ రైల్వే ఉంది గానీ కార్వార్ స్టేషన్ పట్టణానికి దూరంగా శిర్వాడలో ఉంది.

2024 వర్షాకాలం ఈ ఏర్పాటు ఎంత బలహీనమో చూపించింది. జులై 16న అంకోలా తాలూకా శిరూరు దగ్గర కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి, రహదారి రోజుల తరబడి మూతపడింది. మూడు వారాలకే, ఆగస్టు 7 అర్ధరాత్రి దాటాక, కార్వార్ నుంచి గోవా వైపు వెళ్లే కాళీ నది పాత వంతెన కూలింది. పక్కన కొత్త వంతెన ఉండబట్టి రాకపోకలు పూర్తిగా ఆగలేదు. ఈ రెండింటికీ కారణం స్థావరం అనలేం. కానీ ప్రత్యామ్నాయం లేని దారి మీద వేలమంది కొత్త ప్రయాణికులను పెట్టే ముందు ఆ దారి తట్టుకోగలదా అన్నది చూడాలి. స్థావరం లోపల 25 కిలోమీటర్ల రోడ్లు వేసినా గేటు దాటాక అందరిదీ అదే రహదారి.

రాంబిల్లి అడగాల్సినవి

2013 భూసేకరణ చట్టం సేకరణకు ముందు సామాజిక ప్రభావ అంచనా తప్పనిసరి చేసింది. ఎవరి ఉపాధి పోతుంది, ఎవరు ఎంత దూరం వెళ్లాలి అన్నవి బయటపడేది అక్కడే. రక్షణ ప్రాజెక్టులకు దాని నుంచి మినహాయింపు ఇచ్చే అధికారాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018 సవరణతో తెచ్చుకుంది. దేశ భద్రతకు వేగం అవసరమే. అయితే అంచనా వేయనంత మాత్రాన ఆ ఖర్చు మాయం కాదు. మత్స్యకారుడి ఇంధనం, కూలీ బస్సు చార్జీ, అద్దెదారు అడ్వాన్సు రూపంలో చెల్లవుతుంది.

అందుకే రాంబిల్లి తీరంలో భూమి ధర ఒక్కటే అడిగితే చాలదు. స్థావరంలో పనిచేసేవారిలో ఎందరికి లోపల ఇళ్లు ఇస్తారు? మిగతావాళ్లు ఏ ఊళ్లలో ఉంటారు, ఆ ఊళ్లకు నీరు, రోడ్లు ఎవరి ఖర్చుతో వస్తాయి? పడవలకు తీరం మీద ఎంత చోటు మిగులుతుంది? కార్వార్‌లో ఈ ప్రశ్నలు గోడ లేచాక వచ్చాయి. రాంబిల్లి పరిసర గ్రామాలు వీటికి ఇప్పుడే రాతపూర్వకంగా జవాబు అడగాలి.