409 విజయాలు.. పోలీసులకు చేయని ఒక్క ఫోన్ కాల్: అమెరికా కోచ్ జో పాటర్నో పేరుపై ఇంకా తెగని పంచాయితీ

2012 జులై 22, ఆదివారం ఉదయం. అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ స్టేడియం ముందు పనివాళ్లు దిగారు. చుట్టూ కంచె వేసి, నీలం పట్టాలు కప్పి, ఏడడుగుల కంచు విగ్రహాన్ని ఊడదీసి పట్టుకెళ్లిపోయారు. ఆ విగ్రహం కోచ్ జో పాటర్నోది. ఆయన చనిపోయి ఆ రోజుకి సరిగ్గా ఆరు నెలలు.

విగ్రహాల సంగతి మన గోదావరి జిల్లాల వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. పెట్టడం సులువు, తీయడమే గొడవ. అక్కడా అదే జరిగింది. ఆ విగ్రహం మళ్లీ పెట్టాలా వద్దా అన్న వాదన ఇప్పటికీ ఆగలేదు.

ఎవరీ పాటర్నో?

1950లో అసిస్టెంట్ కోచ్‌గా వచ్చి, 1966లో హెడ్ కోచ్ అయ్యారు. 2011 దాకా అదే కుర్చీ. అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. అక్కడ కాలేజీ మ్యాచ్‌లకే స్టేడియంలో లక్ష మంది కూర్చుంటారు. ఆ ఆటలో ఆయన జట్టు 409 మ్యాచ్‌లు గెలిచింది. 1982, 1986లో జాతీయ చాంపియన్.

గెలుపు ఒక్కటే కాదు. ఆటగాళ్లు డిగ్రీ పూర్తి చేయాల్సిందే అని పట్టుబట్టే మనిషిగా పేరు. యూనివర్సిటీ లైబ్రరీకి భార్యతో కలిసి లక్షల డాలర్లు ఇచ్చారు. ఆ ఊళ్లో ఆయన మాటకు ఎదురు లేదు. ఈ కథలో అసలు ముడి అదే.

ఏం జరిగింది?

పాటర్నో దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన అసిస్టెంట్ కోచ్ జెర్రీ శాండస్కీ. పేదింటి పిల్లలకు అండగా ఉంటానంటూ 1977లో ఓ సేవా సంస్థ పెట్టాడు. దాని ద్వారా పరిచయమైన మగపిల్లలకు గిఫ్టులిచ్చి, మ్యాచ్‌లకు తీసుకెళ్లి, నమ్మకం సంపాదించి లైంగికంగా వేధించాడు. 2011 నవంబర్ 5న అరెస్టయ్యాడు. 2012 జూన్‌లో 48 అభియోగాల్లో 45 రుజువయ్యాయి. 30 నుంచి 60 ఏళ్ల జైలు శిక్ష పడింది.

మరి పాటర్నో తప్పేంటి?

2001 ఫిబ్రవరి. జట్టులో జూనియర్ కోచ్ మైక్ మెక్‌క్వెరీ ఓ రాత్రి లాకర్ రూమ్ షవర్‌లో శాండస్కీని ఓ పిల్లాడితో చూశాడు. మర్నాడు పొద్దున్నే పాటర్నో ఇంటికెళ్లి చెప్పాడు. పాటర్నో ఆ మాట పైవాళ్లకి, అంటే అథ్లెటిక్ డైరెక్టర్ టిమ్ కర్లీకి, వైస్ ప్రెసిడెంట్ గ్యారీ షుల్ట్జ్‌కి చేరవేశారు. అంతే. పోలీసులకు ఎవ్వరూ ఫోన్ చేయలేదు. ఆ పిల్లాడు ఎవరో కనుక్కునే ప్రయత్నం కూడా చేయలేదు. శాండస్కీ మరో పదేళ్లు బయటే తిరిగాడు.

అరెస్టు తర్వాత నాలుగో రోజు, నవంబర్ 9 రాత్రి, యూనివర్సిటీ ట్రస్టీలు ఫోన్‌లోనే పాటర్నోను తీసేశారు. వేలమంది స్టూడెంట్స్ రోడ్డెక్కారు. ఓ టీవీ న్యూస్ వ్యాన్‌ను పల్టీ కొట్టించారు. వాళ్ల కోపం కోచ్‌ను తీసేశారని. అప్పటికి పిల్లల సంగతి బయటపడి వారం కూడా కాలేదు.

ఇంకొంచెం చేసి ఉండాల్సిందని పాటర్నో అదే రోజు ప్రకటనలో ఒప్పుకున్నారు. 2012 జనవరి 22న, 85 ఏళ్ల వయసులో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయారు.

వాదన ఎక్కడ తేలట్లేదు?

2012 జులైలో ఎఫ్‌బీఐ మాజీ డైరెక్టర్ లూయీ ఫ్రీ రిపోర్టు వచ్చింది. పాటర్నోతో పాటు యూనివర్సిటీ ప్రెసిడెంట్ గ్రాహం స్పానియర్, కర్లీ, షుల్ట్జ్.. నలుగురూ విషయం దాచారన్నది దాని సారాంశం. అందులో అందరూ పట్టుకునేది కర్లీ రాసిన ఓ ఈమెయిల్. ముందు పిల్లల సంక్షేమ శాఖకు చెబుదామనుకున్నారు. జోతో మాట్లాడాక ఆ ఆలోచన మార్చుకున్నట్టు కర్లీ అందులో రాశారు. జో ఏమన్నారో మాత్రం అందులో లేదు. కుటుంబం పట్టు అక్కడే: మాట్లాడినంత మాత్రాన ఆపమన్నట్టా? 2013లో వాళ్లు సొంతంగా నిపుణులతో మరో రిపోర్టు రాయించి ఫ్రీ రిపోర్టును తప్పుబట్టారు.

కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ అయితే యూనివర్సిటీకి 6 కోట్ల డాలర్ల జరిమానా వేసి, 1998 నుంచి వచ్చిన విజయాలు కొట్టేసింది. పాటర్నో లెక్కలోంచి 111 పోయాయి. 2015 జనవరిలో కోర్టు కేసు రాజీతో అవన్నీ తిరిగొచ్చాయి. మళ్లీ 409. నిజానికి స్కోర్‌బోర్డు మార్చడం వల్ల ఏ పిల్లాడికీ ఒరిగిందేం లేదు, తిరిగివ్వడం వల్ల పోయిందీ లేదు. వాదన మాత్రం ఎక్కువగా ఆ అంకె చుట్టూనే తిరిగింది. బాధితులకు యూనివర్సిటీ 10 కోట్ల డాలర్లకు పైగా పరిహారం కట్టిందన్నది చాలామందికి గుర్తు కూడా ఉండదు.

మిగతా ముగ్గురి సంగతి కోర్టు తేల్చింది. 2017లో కర్లీ, షుల్ట్జ్ నేరం ఒప్పుకున్నారు, స్పానియర్ దోషిగా తేలారు. ముగ్గురూ జైలుకెళ్లారు. పాటర్నోపై అసలు కేసే లేదు. పైవాళ్లకి చెప్పారు కాబట్టి చట్టం ప్రకారం ఆయన పని అయిపోయిందని అప్పటి ప్రాసిక్యూటర్లే అన్నారు.

అభిమానులు పట్టుకునే మాట ఇదే. కానీ ఆ మాటలో ఓ తేడా ఉంది. 'పైవాళ్లు' అన్న మాట జూనియర్ కోచ్‌కి సరిపోతుంది. ఆ క్యాంపస్‌లో పాటర్నోకి పైవాళ్లంటూ కాగితం మీదే ఉన్నారు. ఆయన ఫోన్ చేసి ఉంటే కాదనే మనిషి ఆ ఊళ్లో లేడు. మంచి మనిషా చెడ్డ మనిషా అని తేల్చాల్సిన పని లేదు. లైబ్రరీ కట్టించిందీ ఆయనే, ఆ రోజు ఆగిపోయిందీ ఆయనే. లైబ్రరీ మీద ఆయన పేరు నేటికీ ఉంది. నైకీ కంపెనీ మాత్రం తమ ఆఫీసులోని పిల్లల సంరక్షణ కేంద్రానికి పెట్టిన ఆయన పేరును 2012లోనే తీసేసింది. విగ్రహం యూనివర్సిటీ చెప్పని చోట ఎక్కడో ఉంది.

పైవాళ్లకి చెబితే సరిపోతుందా?

పెన్సిల్వేనియాలో ఇప్పుడు సరిపోదు. 2014లో చట్టం మార్చారు. పిల్లల బాధ్యత ఉన్న ఉద్యోగి ముందు తానే నేరుగా ప్రభుత్వానికి రిపోర్ట్ చేయాలి. ఆ తర్వాతే బాస్‌కి చెప్పాలి.

మన దగ్గర? శాండస్కీకి శిక్ష పడిన ఏడాదే, 2012 నవంబర్ 14న, పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చని అనుమానం ఉన్నా, ఎవరైనా సరే పోలీసులకు చెప్పాల్సిందేనని 19వ సెక్షన్ చెబుతుంది. హెచ్‌ఎంకి చెప్పాను, కరస్పాండెంట్‌కి చెప్పాను అంటే కుదరదు. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికైతే ఏడాది వరకు జైలు, పైగా జరిమానా. రాయవరంలో స్కూల్ గ్రౌండ్‌లో ఆటలు నేర్పే మాస్టారికైనా, సిటీలో పెద్ద అకాడమీ ఓనర్‌కైనా ఇదే రూలు.

ఆ కోచ్ ఎన్ని కప్పులు తెచ్చాడన్నది ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్లపై కేసు పెట్టడానికి వీల్లేదని మాత్రం ఉంది. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబర్ 1098, అర్జంట్‌గా పోలీసులు కావాలంటే 112.